గాయము మానుట: చర్మకణములు చేయు పని

కత్తిపీటపై కూర తరుగునపుడు వ్రేలు తెగుట ప్రతి యింటను జరుగునదే. రక్తము కొంతసేపు కారి తానే ఆగును. మరునాటికి గాయపు అంచులు కొంచెము వాచి ఎఱ్ఱబడును. రెండు మూడు దినములలో పైన నల్లని పక్కు కట్టును. వారము పది దినములకు ఆ పక్కు రాలిపోయి, దాని క్రింద లేత వన్నె గల క్రొత్త చర్మము కనబడును. ఇది మిక్కిలి సామాన్యమైన విషయమగుటచే దీనిని గురించి ఆలోచించువారు అరుదు. గాయమును మాన్పినది తాము రాసిన మందనియో, కట్టిన ఆకుపసరనియో పలువురు తలంతురు. నిజమునకు గాయమును మాన్పునవి దాని చుట్టునున్న జీవకణములే. మందు చాలవరకు చేయునది ఆ కణముల పనికి కలుగు అడ్డంకులను తొలగించుట మాత్రమే. ఆ కణములు ఏమి చేయునో, వానికి ఏవి అడ్డు తగులునో తెలిసినచో, ఇండ్లలో గాయములకు చేయు ఉపచారములలో ఏది మేలో, ఏది కీడో తేల్చుకొనుట కష్టము కాదు.

చర్మము యొక్క కట్టడి

పెద్దవారి చర్మమునంతటిని విప్పి పరచినచో అది సుమారు ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్ల మేర ఆక్రమించును. ఇందు ముఖ్యముగా రెండు పొరలు కలవు. పైపొరకు బాహ్యచర్మమని పేరు. ఇది శరీరముపై చాల చోట్ల మిల్లీమీటరులో పదవవంతు మందము మాత్రమే ఉండును. అరచేతులలోను అరికాళ్లలోను మాత్రము ఇంతకు పలు రెట్లు దళసరిగా నుండును. దీనిలో రక్తనాళములు లేవు. అందుచేతనే చర్మము పైపైన గీసికొన్నపుడు రక్తము రాదు. దీని క్రిందిది అంతశ్చర్మము. రక్తనాళములు, నరములు, వెండ్రుకల కుదుళ్లు, స్వేదగ్రంథులు దీనిలో నుండును. కొల్లాజన్ అను మాంసకృత్తు యొక్క పోగులు దీనికి బలము నిచ్చును.

బాహ్యచర్మములో అన్నిటికంటె అడుగున నున్న వరుసలోని కణములే విభజన చెందును. ఒక కణము రెండుగా చీలినపుడు సాధారణముగా ఒకటి అడుగుననే నిలిచి మరల చీలుటకు సిద్ధముగా నుండును. రెండవది పైకి జరుగును. పైకి జరుగుకొలది అది కెరటిన్ అను గట్టి మాంసకృత్తుతో నిండును. గోళ్లు, వెండ్రుకలు కూడ ఈ జాతి పదార్థముతోనే ఏర్పడినవి. చివరకు ఆ కణము చనిపోయి పలుచని పొలుసుగా మారి రాలిపోవును. అడుగు వరుస నుండి పైకి వచ్చి రాలిపోవుటకు ఇంచుమించు నెల దినములు పట్టును. నలుగు పెట్టుకొన్నపుడు ఒంటినుండి రాలు మట్టిలో ఈ చచ్చిన పొలుసులే కొంత భాగము.

ఈ కణములు ఒకదానిపై నొకటి ఊరక పేర్చబడియుండలేదు. ప్రక్క కణములతో అవి గుండీలవంటి బిగింపులచే కలిసియుండును. అడుగు వరుస కణములు ఇంటెగ్రిన్ అను మాంసకృత్తులను చేతులవలె చాచి, క్రిందనున్న లామినిన్ అను మరియొక మాంసకృత్తును పట్టుకొనియుండును. ఆ పట్టు ఎంత ముఖ్యమైనదో ఒక అరుదైన వ్యాధి వలన తెలియును. లామినిన్ నిర్మాణమునకు సంబంధించిన జన్యువులో లోపముతో పుట్టిన శిశువులకు కొద్దిపాటి రాపిడికే చర్మము బొబ్బలెక్కి ఊడివచ్చును. 2015 లో జర్మనీలోని బోకుమ్ నగరమున ఇట్టి వ్యాధి గల ఏడేండ్ల బాలుడొకడు చర్మములో అధికభాగము కోల్పోయి మరణమునకు చేరువయ్యెను. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు మిఖేలే డె లూకా బృందమువారు ఆ బాలుని చర్మములో మిగిలిన చిన్న ముక్క నుండి కణములను తీసి, లోపములేని జన్యువును వానిలో చేర్చి, ప్రయోగశాలలో చర్మపు పొరలుగా పెంచిరి. ఆ పొరలను వైద్యులు అతని దేహములో సుమారు 80 శాతము మేర అతికిరి. ఆ చర్మము నిలిచినది. ఆ వృత్తాంతము 2017 లో ప్రకటింపబడినది. అడుగు వరుసలోని కొలదిపాటి మూలకణములు బ్రతికియున్నచో వాని నుండి చర్మమంతయు మరల పుట్టగలదనుటకు ఇంతకంటె తార్కాణము అక్కరలేదు.

రక్తము గడ్డకట్టుట

చర్మము లోతుగా తెగినపుడు రక్తనాళము చీలి, అంతవరకు రక్తమునకు తగులని కొల్లాజన్ పోగులు బయటపడును. రక్తములోని ఫలకికలు ఆ పోగులను తాకినంతనే వానికి అంటుకొని, తమ గుండ్రని ఆకారమును విడిచి, ముండ్లవలె కొమ్ములు చాచి ఒకదానినొకటి పెనవేసికొనును. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తములో ఈ ఫలకికలు ఒకటిన్నర లక్షల నుండి నాలుగున్నర లక్షల వరకు ఉండును. అదే సమయమున రక్తములో కరిగియున్న ఫైబ్రినోజన్ అను పదార్థపు కొనలను థ్రాంబిన్ అను ఎంజైము కత్తిరించును. కొనలు తెగిన అణువులు ఒకదానికొకటి అతుకుకొని దారములుగా సాగి, వలగా అల్లుకొనును. ఆ వలలో రక్తకణములు చిక్కుకొని గడ్డ ఏర్పడును.

ఈ గడ్డ రంధ్రమును మూయు బిరడా మాత్రమే యని తలచుట పొరపాటు. క్రొత్త కణములు ప్రాకివచ్చుటకు ఇది పరంజా వంటిది. అంతేగాక ఫలకికలు తమలో దాచియుంచిన వృద్ధికారకములు అను పదార్థములను ఈ సమయముననే వెడలగ్రక్కును. గాయము పడినదను వార్తను చుట్టుప్రక్కల కణములకు మొదట అందజేయునవి ఇవియే. పక్కును ఊరక గిల్లి ఊడదీయు పిల్లలు పరంజాను కూలద్రోయుచున్నారని గ్రహింపవలెను.

శుభ్రపరచు కణములు

ఆ వార్త అందిన కొన్ని గంటలలోనే తెల్లరక్తకణములు రక్తనాళపు గోడలనుండి దూరి బయటికి వచ్చును. మొదట వచ్చునవి న్యూట్రోఫిల్ కణములు. ఇవి సూక్ష్మజీవులను మ్రింగి, తామును చచ్చును. చీములో ఉండునవి ఎక్కువగా ఇట్లు చచ్చిన కణములే. రెండు మూడు దినములకు స్థూలభక్షకకణములు వచ్చి, మిగిలిన సూక్ష్మజీవులను, చచ్చిన న్యూట్రోఫిల్‌లను, చెడిన కండను ఏరి తినివేయును. కణములు ఇట్లు పరవస్తువులను చుట్టుముట్టి మ్రింగునని రష్యా దేశీయుడైన మెచ్నికోవ్ 1882 లో సిసిలీ ద్వీపమున గ్రహించెను. నక్షత్రచేప యొక్క పారదర్శకమైన పిల్లలో ముల్లు గ్రుచ్చియుంచగా, మరునాటికి సంచారకణములు ఆ ముల్లు చుట్టును మూగియుండుట ఆయన సూక్ష్మదర్శినిలో చూచెను. ఆ పరిశోధనలకు 1908 లో నోబెల్ బహుమానము లభించినది.

స్థూలభక్షకకణములు పాకీపని మాత్రమేగాక మేస్త్రీపని కూడ చేయును. 1975 లో లీబోవిచ్, రాస్ అను శాస్త్రజ్ఞులు గినీపందులలో ఈ కణములు లేకుండజేసి గాయములను పరీక్షించిరి. అట్టి గాయములలో చెత్త పేరుకొనిపోయి, క్రొత్త కండ ఏర్పడుట చాల ఆలస్యమైనది. ఏలయనగా శుభ్రపరచుట ముగిసిన పిమ్మట, కట్టుడుపని ఆరంభింపవలసినదని సందేశము లిచ్చునవి ఈ కణములే. కనుక మొదటి రెండు దినములలో గాయము చుట్టు కనబడు కొద్దిపాటి వాపు, ఎఱ్ఱదనము, వేడిమి రోగము కావు; అవి ఈ పని జరుగుచున్నదనుటకు గుర్తులు. నాలుగైదు దినములైనను వాపు తగ్గక పెరుగుచుండుట, చీము, జ్వరము, ఎఱ్ఱని చార పైకి ప్రాకుట మాత్రము అపాయసూచనలు.

సందేశము కణములోనికి చేరు విధము

అమెరికా దేశమున స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు చుంచెలుకల లాలాజలగ్రంథుల నుండి తీసిన ద్రవమును అప్పుడే పుట్టిన చుంచెలుక పిల్లలకు ఎక్కించెను. సాధారణముగా రెండు వారములకు గాని తెరువబడని వాని కన్నులు ఒక వారమునకే తెరువబడినవి. కనురెప్పల చర్మము త్వరగా ఎదుగుటయే దీనికి కారణము. 1962 లో ప్రకటింపబడిన ఈ పరిశోధన వలన బాహ్యచర్మ వృద్ధికారకము వెలుగులోనికి వచ్చినది. ఇది 53 ఆమినో ఆమ్లముల చిన్న గొలుసు. ఈ కృషికి కోహెన్, రీటా లెవీ మొంటాల్చిని అను విదుషీమణి 1986 లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

ఈ అణువు కణములోనికి చొరబడి ఆజ్ఞాపించునది కాదు. చర్మకణపు పొరలో దీనికొరకే ఏర్పడిన గ్రాహకములు కలవు. వాని ఒక కొన బయటను, ఒక కొన లోపలను ఉండును. వృద్ధికారకము బయటి కొనను అంటినపుడు రెండు గ్రాహకములు జతగూడును. జతగూడినంతనే వాని లోపలి కొనలు ఒకదానిపై నొకటి ఫాస్ఫేటు గుర్తులను వేసికొనును. ఆ గుర్తులను చూచి వేరొక మాంసకృత్తు వచ్చి అంటుకొనును. అది మరియొక దానిని మేలుకొలుపును. ఇట్లు చేతినుండి చేతికి అందించినట్లు వార్త కేంద్రకమును చేరి, అంతవరకు ఊరకున్న జన్యువులను పనికి పురికొల్పును. అప్పుడు కణము చీలుటకు సిద్ధపడును.

అయితే గాయపు అంచునున్న కణములు మొదట చేయు పని చీలుట కాదు, నడచుట. ఒక దినము గడచులోగానే అవి ప్రక్క కణములతో గల గుండీలను విప్పుకొని, చదునై, పాదములవంటి మడతలను ముందుకు చాచును. క్రొత్త రకపు ఇంటెగ్రిన్ చేతులతో గాయపు నేలను పట్టుకొనుచు, దారిలోని గడ్డను ఎంజైములతో కరిగించుచు, బ్రతికిన కండకును చచ్చిన పక్కుకును నడుమ ప్రాకుచు పోవును. వెనుకనున్న కణములు చీలుచు వాని స్థానమును నింపును. పైపైన దోక్కుపోయిన గాయములలో అంచులనుండియేగాక వెండ్రుకల కుదుళ్లనుండియు కణములు వెలువడి, చెరువులో లంకలవలె అక్కడక్కడ తేలి, కలిసికొనును. మోకాలు దోక్కుపోయినపుడు గాయము వెడల్పయినను త్వరగా మానుటకు ఇదియే హేతువు. ఎదురెదురుగా వచ్చిన కణములు ఒకదానినొకటి తాకినంతనే నడక మానుకొని, మరల గుండీలు పెట్టుకొని, పొరలు పొరలుగా ఎదుగును.

ఈ నడకకు చెమ్మ కావలెను. 1962 లో ఇంగ్లండునందు జార్జ్ వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందిపిల్లల చర్మముపై పలుచని గాయములు చేసి, కొన్నిటిని గాలికి వదలి, కొన్నిటిని పాలిథీను పొరతో కప్పెను. కప్పిన గాయములపై క్రొత్త చర్మము ఇంచుమించు రెండు రెట్లు వేగముగా పరచుకొన్నది. ఎండిన గాయములో కణములు చెమ్మను వెదకికొనుచు పక్కు క్రిందుగా లోతుగా త్రవ్వుకొని పోవలసివచ్చును. గాయమునకు గాలి తగిలిన మంచిదను మాట ఇండ్లలో నేటికిని వినబడుచున్నది; ప్రయోగమునకు ఆ మాట నిలువలేదు. చెమ్మయనగా మురికినీటి తడి కాదు; శుభ్రమైన కట్టు క్రింద నిలుచు సహజమైన తడి.

క్రొత్త కండ, కొల్లాజన్ త్రాడు

రక్తనాళములు తెగినచోట ప్రాణవాయువు కొరవడును. ఆ కొరతయే ఒక సందేశము. ప్రాణవాయువు చాలినంత ఉన్నపుడు కణములు తమలో పుట్టు ఒకానొక మాంసకృత్తును ఎప్పటికప్పుడు విరుగగొట్టుచుండును. వాయువు తగ్గినపుడు అది విరుగక నిలిచి, కేంద్రకమున కేగి, రక్తనాళములను పెంచు కారకమును తయారు చేయించును. ఈ రహస్యమును ఛేదించిన సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అను మువ్వురికి 2019 లో నోబెల్ బహుమానము వచ్చినది. గాయపు అడుగున ఎఱ్ఱని గింజలవలె కనబడు క్రొత్త కండ ఇట్లు మొలచిన సన్నని రక్తనాళముల మయము. దానిని చూచి 'కండ పడుచున్నది' అని పెద్దలు చెప్పుమాట సరియైనదే.

ఈ కండలోనే తంతుకణములు చేరి కొల్లాజన్‌ను తయారు చేయును. కొల్లాజన్ మూడు పురుల త్రాడు. ఒక్కొక్క పురి సుమారు వేయి ఆమినో ఆమ్లముల గొలుసు. అందు ప్రతి మూడవది గ్లైసీను. మూడు పురులు ఒక్కటిగా బిగిసి పెనవేసికొనుటకు ఆ చిన్న అణువే నడుమ ఇమడగలదు. ఈ నిర్మాణమును 1954 లో, మరల సవరించి 1955 లో, మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా నిరూపించిరి. స్వతంత్ర భారతమున జరిగిన పరిశోధనలలో ప్రపంచము తలయొగ్గి అంగీకరించిన వానిలో ఇది యొకటి.

పురులు విడిపోకుండ నిలుచుటకు గొలుసులోని ప్రోలీను అణువులకు ఆమ్లజని తగిలింపబడవలెను. ఆ పని చేయు ఎంజైమునకు విటమిన్ సి తోడ్పాటు అవసరము. అది లేనిచో త్రాడు శరీరపు వేడిమికే విడిపోవును. 1939 లో బోస్టను నగరమున జాన్ క్రాండన్ అను యువ శస్త్రవైద్యుడు దీనిని తన దేహముపైననే పరీక్షించుకొనెను. విటమిన్ సి లేని ఆహారము తినుచు మూడు నెలలకు వీపుపై కోత పెట్టించుకొనగా అది చక్కగా మానినది. ఆరు నెలలకు పెట్టించుకొన్న కోత మాత్రము పైన చర్మము మూసుకొన్నను లోపల అతుకలేదు. విటమిన్ సి ఎక్కించిన పిమ్మట అదియు మానినది. ఉసిరి, జామ, నిమ్మ జాతి పండ్లు, పచ్చిమిరప, మునగాకు ఈ విటమిన్‌కు చవకయైన ఆధారములు. మాంసకృత్తులు లేనిదే కొల్లాజన్ లేదు గనుక, గాయపడినవారికి పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు తగ్గించి పథ్యము పెట్టు ఆచారము మేలు కంటె కీడే చేయును. 'పప్పు తింటే చీము పట్టును' అనుమాటకు ఆధారము లేదు.

తొలుత పరచిన కొల్లాజన్ సన్నపు రకము. నెలల తరబడి దానిని తీసివేసి గట్టి రకము నిలుపుదురన్నట్లు కణములు మార్చుచుండును. అందుచే ఒక వారమునాడు గాయపు అతుకునకు మామూలు చర్మపు బలములో నూటికి మూడు వంతులే యుండును. మూడు వారములకు సుమారు 20, మూడు నెలలకు సుమారు 80 వంతులు. ఆపై పెరుగదు. శస్త్రచికిత్స చేయించుకొన్నవారిని బరువులెత్తవద్దని వైద్యులు వారించుట ఈ లెక్కను బట్టియే. కుట్లు విప్పిన దినమున పైకి మానినట్లు కనబడుట చూచి మోసపోరాదు.

ఇండ్లలో చేయు ఉపచారములు

చిన్న గాయమును పారు నీటితోను సబ్బుతోను కడిగి, శుభ్రమైన బట్టతో అదిమి రక్తము ఆపి, కట్టు కట్టుట చాలును. పేడ, బూడిద, సున్నము, కాఫీపొడి అద్దుట కూడదు. మట్టిలోను పేడలోను ధనుర్వాత క్రిముల బీజములు ఉండును; అవి గాలి చొరని లోతు గాయములలో మొలకెత్తి ప్రాణము తీయగలవు. టీకా వేయించుకొని చాల ఏండ్లైనవారు గాయపడినపుడు వైద్యుని అడిగి మరల వేయించుకొనవలెను. పసుపు మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పసుపుతో గాయములు మాన్పుటపై అమెరికాలో 1995 లో ఒక పేటెంటు ఇయ్యబడగా, భారత దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ప్రాచీన గ్రంథముల సాక్ష్యముతో ఎదిరించి 1997 లో దానిని రద్దు చేయించినది. పసుపుకు సూక్ష్మజీవులను అణచు గుణము కొంత కలదు. అయినను పోపులపెట్టెలోని పసుపులో దుమ్ము, కలిపిన రంగులు ఉండవచ్చును గనుక తెరచియున్న గాయమున దానిని నింపుట తగదు.

లాలాజలములో వృద్ధికారకము ఉన్నది గదా యని గాయమును నాకుట, కుక్కచే నాకించుట మహాపాయము. గాయమును కుక్క నాకినను కరచినట్లే లెక్క. వెంటనే పదునైదు నిమిషములు సబ్బుతోను పారు నీటితోను కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి రేబీసు టీకా, దానితోపాటు ఇయ్యవలసిన ప్రతిరక్షకపు మందు వేయించుకొనవలెను.

మధుమేహము గలవారి పాదములు

2023 లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము దేశమున మధుమేహ రోగులు పది కోట్లకు పైబడియున్నారు. పైన వర్ణించిన పనులలో ఇంచుమించు ప్రతిదానికిని ఈ వ్యాధి అడ్డు తగులును. చక్కెర హెచ్చిన రక్తములో న్యూట్రోఫిల్‌లు మందగించును. స్థూలభక్షకకణములు పాకీపని దశలోనే చిక్కుకొని, కట్టుడుపనికి ఆజ్ఞ నీయవు. క్రొత్తగా పరచిన కొల్లాజన్‌ను కొరుకు ఎంజైములు మితిమీరును. కాళ్ల రక్తనాళములు సన్నగిల్లి ప్రాణవాయువు అందదు. పొగత్రాగువారిలో ఈ కీడు రెట్టింపగును. అన్నిటికంటె పెద్ద మోసము నరముల వలన కలుగును. స్పర్శ నశించిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కొరికినను తెలియదు. ఇతరులకు పది దినములలో మానెడి బొబ్బ వీరికి నెలల తరబడి పుండై, ఎముకకు ప్రాకి, తుదకు కాలు తీసివేయవలసిన స్థితికి రావచ్చును.

కనుక ఇట్టివారు ప్రతి రాత్రియు పాదములను, వ్రేళ్ల సందులను వెలుతురులో చూచుకొనవలెను. కంటికి ఆనని అరికాలిని అద్దములో గాని, ఇంటివారిచే గాని చూపించుకొనవలెను. ఇంటిలో కూడ చెప్పులు లేక నడువరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోసికొనరాదు. వేడినీటిలో కాళ్లు పెట్టుటకు ముందు ఇంకొకరిచే వేడి చూపించవలెను. పాదముపై చర్మము చిట్లినట్లు, రంగు మారినట్లు, మేజోడుకు తడి అంటినట్లు కనబడినచో, నొప్పి లేదు గదా యని ఆగక, ఒక దినము దాటకుండ వైద్యునకు చూపవలెను.